పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసే అమైన్ ప్లాంటు: వేడి ఎక్కడ పోతుంది, ద్రావణం ఎందుకు పాడవుతుంది

మీరు అడిగినవి మూడు విషయాలు. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు పొగను అమైన్ (అమోనియాకు దగ్గరి చుట్టమైన నైట్రోజన్ రసాయనం) ద్రావణంతో కడిగి 90 శాతం కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) పట్టొచ్చంటున్నారు, అది నిజమేనా? నిజమైతే అన్ని ప్లాంట్లకూ ఎందుకు పెట్టడం లేదు? మీ దగ్గరికి వచ్చిన కంపెనీ తమ కొత్త సాల్వెంట్‌తో, అంటే అమైన్ ద్రావణంతో, టన్ను సీఓటూకి 2.5 గిగాజౌళ్ల వేడి చాలంటోంది, ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

మొదటిదానికి జవాబు అవును. అందులో అనుమానం అక్కర్లేదు. మిగతా రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమైన్‌తో సీఓటూని పట్టడం కొత్త విద్య కాదు. ఆర్. ఆర్. బాటమ్స్ అనే ఆయనకు దీని మీద అమెరికాలో పేటెంట్ వచ్చింది 1930లో. సహజవాయువులోంచి ఆమ్ల వాయువులను తీసేయడానికి అప్పటినుంచీ వాడుతూనే ఉన్నారు. జలాంతర్గాముల్లో సిబ్బంది వదిలిన గాలిని శుభ్రం చేయడానికి కూడా ఇదే మోనోఇథనాలమైన్ వాడారు. దాన్నే మేం పనిలో ఎంఈఏ అంటాం. ఇక బొగ్గు బాయిలర్ల పొగ సంగతికొస్తే, కాలిఫోర్నియాలోని ట్రోనాలో సోడా యాష్ తయారీకి కావలసిన సీఓటూని ఈ పద్ధతిలో తీయడం 1978లోనే మొదలైంది. కాబట్టి ‘ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

పని జరిగే తీరు ఇది. పొగను 40 డిగ్రీల దాకా చల్లార్చి, అబ్జార్బర్ అనే పొడవాటి టవర్ కిందినుంచి పైకి పంపుతారు. పైనుంచి అమైన్ నీళ్లు ప్యాకింగ్ రేకుల మీద పల్చటి పొరలా జారుతూ కిందికి దిగుతాయి. నీటిలో కరిగిన సీఓటూ బలహీనమైన ఆమ్లం, అమైన్ బలహీనమైన క్షారం. రెండూ కలిసి కార్బమేట్ అనే లవణం అవుతుంది. సీఓటూ పట్టిన ఈ ద్రావణాన్ని రిచ్ అంటాం. దాన్ని స్ట్రిప్పర్ అనే రెండో టవర్‌కు పంపి 120 డిగ్రీల దగ్గర మరిగిస్తే కట్టు విడిపోయి సీఓటూ బయటికొస్తుంది. ఖాళీ అయిన ద్రావణం, అంటే లీన్, చల్లబడి మళ్లీ అబ్జార్బర్ పైకి వెళ్తుంది. అదే ద్రావణం ఏళ్ల తరబడి ఇలా తిరుగుతూనే ఉండాలి. ఆ ‘ఏళ్ల తరబడి’ అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఎంఈఏతో ఒక చిక్కుంది. ఒక సీఓటూ అణువును పట్టడానికి రెండు ఎంఈఏ అణువులు కావాలి. ఒకటి కార్బమేట్ అవుతుంది, రెండోది విడిపోయిన ప్రోటాన్‌ను తీసుకుంటుంది. అందువల్ల ఒక మోల్ అమైన్‌కు అర మోల్ సీఓటూ దాటి ఎక్కించడం కష్టం. కిందికి చూస్తే స్ట్రిప్పర్‌లో పూర్తిగా ఖాళీ చేయడమూ కుదరదు. 0.2 దగ్గర ఆపేయాల్సిందే, అంతకంటే కిందికి దించాలంటే ఆవిరి ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. అంటే మనకు నికరంగా పనికొచ్చేది ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా, 0.25 నుంచి 0.3 వరకు. దీన్ని బరువులోకి మార్చి చూడండి. 30 శాతం ఎంఈఏ ఉన్న టన్ను ద్రావణం ఒక్కో తిరుగుడుకి మోసేది 58 కిలోల సీఓటూ మాత్రమే. టన్ను సీఓటూ తేవడానికి 17 టన్నుల ద్రావణం తిరగాలి.

ఇప్పుడు 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ తీసుకుందాం. అది గంటకు సుమారు 450 టన్నుల సీఓటూ వదులుతుంది. అందులో 90 శాతం అంటే 400 టన్నులనుకోండి. దీనికోసం గంటకు దాదాపు 7 వేల టన్నుల ద్రావణం ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు తిరుగుతూ ఉండాలి. పొగ సంగతి చూస్తే గంటకు 18 లక్షల ఘనపు మీటర్ల పైచిలుకు. అందులో సీఓటూ 12, 13 శాతమే, మిగతాదంతా చాలావరకు నైట్రోజన్. పైగా ఆ పొగకు మామూలు గాలికున్నంత ఒత్తిడే ఉంటుంది. అధిక ఒత్తిడిలో ఉన్న సహజవాయువును శుద్ధి చేయడానికీ దీనికీ తేడా ఇక్కడే. అక్కడ సీఓటూ తనంతట తానే ద్రావణంలోకి తోసుకొస్తుంది. ఇక్కడ పల్చటి పొగలోంచి వెతికి పట్టాలి. అంచేత చురుగ్గా పట్టుకునే అమైన్ కావాలి, చురుగ్గా గట్టిగా పట్టుకున్నది వదలాలంటే వేడి కావాలి.

ఆ వేడి ఎక్కడెక్కడ పోతుందో తెలిస్తేనే కంపెనీలు చెప్పే అంకెలు అర్థమవుతాయి. ఎంఈఏకి టన్ను సీఓటూ మీద లెక్కేస్తే, రసాయన కట్టు విడదీయడానికి 1.9 గిగాజౌళ్లు పడుతుంది. దీన్ని తప్పించలేం, పట్టినప్పుడు అబ్జార్బర్‌లో వెలువడిన వేడినే ఇక్కడ తిరిగి ఇస్తున్నాం. రెండోది, ద్రావణాన్ని వేడెక్కించే ఖర్చు. స్ట్రిప్పర్‌లోంచి వచ్చే వేడి లీన్‌తో, లోపలికి వెళ్లే రిచ్‌ను ముందే వేడి చేస్తాం. అయినా రెండింటి మధ్య ఒక 10 డిగ్రీల తేడా మిగిలిపోయిందనుకోండి, 17 టన్నులను ఆ 10 డిగ్రీలు పెంచడానికి 0.65 గిగాజౌళ్లు అవుతుంది. మూడోది, స్ట్రిప్పర్ పైనుంచి సీఓటూతో పాటు బయటికొచ్చే నీటి ఆవిరి. కండెన్సర్‌లో అది నీరైపోతుంది, దాని వేడి కూలింగ్ నీళ్ల పాలవుతుంది. అది 0.8 నుంచి 1 దాకా. మూడూ కలిపితే 3.5 చుట్టూ వస్తుంది. పాత డిజైన్లలో 4 దగ్గర ఉండేది.

ఈ 3.5ని పైన చెప్పిన యూనిట్‌కి పెట్టి చూడండి. గంటకు 1,400 గిగాజౌళ్లు, అంటే 390 మెగావాట్ల వేడి. ఆవిరి లెక్కలో గంటకు 650 టన్నుల దాకా. ఆ సైజు యూనిట్‌లో బాయిలర్ ఇచ్చేదే 1,500, 1,600 టన్నులు. ఇంత ఆవిరిని లో ప్రెజర్ టర్బైన్‌లోకి వెళ్లకముందే పక్కకు లాగేస్తున్నాం. ఆ ఆవిరి టర్బైన్‌లో తిరిగుంటే ఓ 80 మెగావాట్లు వచ్చుండేది. బయటికొచ్చిన సీఓటూని పైపుల్లో పంపాలంటే 110 బార్, 150 బార్ దాకా (ఒక బార్ అంటే సుమారుగా మామూలు గాలి ఒత్తిడి) నొక్కాలి, దానికి 40 మెగావాట్లు. బ్లోయర్లు, పంపులు కలిపి ఇంకో పది. మొత్తం 500లో 130 మెగావాట్ల దాకా పోతుంది. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే. ప్లాంటు కట్టడానికయ్యే ఖర్చు ఒక్కసారి పెట్టేది, ఇది రోజూ కట్టుకోవాల్సిన బాకీ. సీఓటూకి ధర కట్టే చట్టమో, కొనేవాడో, పన్ను రాయితీయో లేకుండా ఏ యాజమాన్యమూ తన కరెంటులో నాలుగో వంతు వదులుకోదు.

అలాగని ఇది ఎప్పటికీ ఇంతే అనుకోకండి. పొగలోంచి విడదీసి 150 బార్‌కు నొక్కడానికి ప్రకృతి అడిగే కనీస పని టన్నుకు 0.11 మెగావాట్ అవర్ మాత్రమే. పైన వేసిన లెక్కలో మనం దానికి మూడు రెట్లు ఖర్చు పెడుతున్నాం. ఆ మధ్య ఉన్న జాగాలోనే కొత్త సాల్వెంట్లన్నీ పనిచేస్తున్నాయి. మీ కంపెనీ చెప్పిన 2.5 అసాధ్యమైన అంకేమీ కాదు. పేరున్న అమ్మకందార్లు చాలామంది ఆ దరిదాపుల్లోనే చెబుతున్నారు.

కొత్త సాల్వెంట్లు చేసేదేమిటంటే, పైన చెప్పిన మూడు ఖర్చుల్లో ఒకదాన్నో రెంటినో తగ్గించడం. ఎండీఈఏ లాంటి టెర్షియరీ అమైన్ (నైట్రోజన్‌కు మూడు కార్బన్ గుంపులు అతుక్కున్నది) కార్బమేట్ చేయదు, సీఓటూ బైకార్బనేట్‌గా మారుతుంది. ఒక అమైన్‌కు ఒక సీఓటూ, కట్టు కూడా వదులుగా ఉంటుంది. కానీ మహా నెమ్మది. పల్చటి పొగకు అది ఒక్కటే పెడితే టవర్ ఎత్తు ఎక్కడికో పోతుంది. అందుకని అందులో పైపరజీన్ లాంటి చురుకైనదాన్ని కలుపుతారు. ఏఎంపీ లాంటి అమైన్లలో నైట్రోజన్ పక్కనే పెద్ద గుంపు అడ్డంగా ఉంటుంది కాబట్టి కార్బమేట్ నిలవదు. ఏఎంపీ, పైపరజీన్ కలిపిన మిశ్రమం ఇప్పుడు ఎంఈఏ స్థానంలో కొలమానంగా వాడుకలోకి వస్తోంది. పైపరజీన్‌కు మరో గుణం, 150 డిగ్రీల దాకా వేడికి తట్టుకుంటుంది. ఎంఈఏ 120 దాటితే చెడిపోవడం మొదలవుతుంది. అయితే పైపరజీన్ గాఢంగా ఉండి ద్రావణం చల్లబడితే స్ఫటికాలు కట్టేస్తుంది. షట్‌డౌన్‌లో పైపులో అది గడ్డకడితే పడే బాధ మామూలుది కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రియాక్షన్ వేడి ఎంత తక్కువైతే అంత మంచిదని అనుకుంటారు. అదొక్కటే చూస్తే సరిపోదు. కట్టు గట్టిగా ఉన్న అమైన్‌ను వేడి చేసినప్పుడు దాని నుంచి సీఓటూ ఒత్తిడి చాలా వేగంగా పెరుగుతుంది. అందువల్ల స్ట్రిప్పర్ పైనుంచి పోయే నీటి ఆవిరి తగ్గుతుంది, కంప్రెసర్ పనీ తేలికవుతుంది. కట్టు వదులుగా ఉన్నదానికి మొదటి ఖర్చు తగ్గినా మూడో ఖర్చు పెరగొచ్చు. అందుకే ఒక్క అంకె చూసి సాల్వెంట్ ఎంచుకోవద్దు, మూడు ఖర్చులూ విడివిడిగా అడగండి. 2.5 అన్నవాళ్లు ఆ మూడింటినీ విడదీసి చెప్పలేకపోతే నాకైతే నమ్మకం కుదరదు. ఇంకో మాట, ఆ 2.5లో సాల్వెంట్ వాటా ఎంత, లీన్ వేడిని రిచ్‌కు అందించే హీట్ ఎక్స్ఛేంజర్ల వాటా ఎంత? లీన్, రిచ్ మధ్య తేడాను 10 నుంచి 5 డిగ్రీలకు తెస్తే ఎంఈఏతోనే 0.3 గిగాజౌళ్లు మిగులుతుంది. అబ్జార్బర్ మధ్యలో ద్రావణాన్ని చల్లార్చడం, స్ట్రిప్పర్ అడుగున లీన్‌ను కాస్త ప్రెజర్ తగ్గించి ఆవిరి చేసి ఆ ఆవిరిని తిరిగి లోపలికి పంపడం, ఇవన్నీ కలిసొస్తాయి. వాటికి ఎక్స్ఛేంజర్ సైజు, కంప్రెసర్ ఖర్చు ఉంటాయి. ఆవిరి ఆదా చూపించి కరెంటు ఖర్చు దాచిన లెక్కలు నేను చూశాను.

ఇక అసలు చెప్పాలనుకున్న దానికి వస్తాను, మీ రెండో ప్రశ్నకు మిగతా సగం జవాబు కూడా ఇదే. ఈ రంగంలో మాట్లాడుకునేదంతా గిగాజౌళ్ల గురించే. ప్లాంటు నడిపేవాళ్లకు నిద్ర లేకుండా చేసేది మాత్రం ద్రావణం ఆరోగ్యం. పొగ శుభ్రంగా లేకపోతే ఎంత గొప్ప సాల్వెంటయినా నిలవదు.

సల్ఫర్ డయాక్సైడ్‌తోనే మొదలుపెడదాం. అది సీఓటూ కంటే బలమైన ఆమ్లం. అమైన్ దాన్ని పట్టుకుంటే స్ట్రిప్పర్ వేడికి వదలదు. హీట్ స్టేబుల్ సాల్ట్ అనే లవణంగా మిగిలిపోతుంది, ఆ అమైన్ ఇక పనికిరాదు. మన 500 మెగావాట్ల పొగలో 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) సల్ఫర్ డయాక్సైడ్ ఉందనుకోండి, వినడానికి తక్కువే. లెక్కేస్తే గంటకు దాదాపు 257 కిలోలు. ఒక్కో అణువు రెండు అమైన్లను కట్టేస్తే గంటకు 490 కిలోల ఎంఈఏ చేజారినట్టు. రోజుకు పన్నెండు టన్నులు. అందుకే మామూలు ఎఫ్‌జీడీ (పొగలోంచి సల్ఫర్ తీసే ఏర్పాటు) తర్వాత మళ్లీ కాస్టిక్ సోడాతో కడిగి 10 పీపీఎం కంటే కిందికి తెచ్చాకే పొగను అబ్జార్బర్‌లోకి రానివ్వాలి. ఈ రెండో కడుగుడును ఖర్చు తగ్గించుకోవడానికి తీసేస్తామని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి.

ఆక్సిజన్‌ను తీసేయలేం. బొగ్గు పొగలో 5, 6 శాతం ఉంటుంది, గ్యాస్ టర్బైన్ పొగలోనైతే 12, 13. అది అమైన్‌ను మెల్లగా తినేస్తుంది. ఎంఈఏ విరిగి అమోనియా వస్తుంది, ఫార్మిక్, ఆక్సాలిక్ లాంటి ఆమ్లాలు తయారవుతాయి. ఆ ఆమ్లాలు ఉక్కును తుప్పు పట్టిస్తాయి. తుప్పులోంచి కరిగిన ఇనుము అమైన్ ఆక్సీకరణను ఇంకా వేగం చేస్తుంది. ఆ వేగానికి ఆమ్లాలు ఇంకా పెరుగుతాయి. ఈ వలయం ఒకసారి మొదలైందంటే ఆపడం చాలా కష్టం. నేనైతే ల్యాబ్ రిపోర్టులో అన్నిటికంటే ముందు చూసేది ఇనుము ఎంతుందన్నదే. ఆ తర్వాత చిమ్నీ దగ్గర అమోనియా. ఈ రెండూ కలిసి పెరుగుతున్నాయంటే లోపల అమైన్ కాలిపోతున్నట్టే లెక్క.

రంగు చూసినా తెలుస్తుంది. నేను పనిచేసిన పైలట్ ప్లాంటులో వారానికో శాంపిల్ తీసి, తేదీ రాసిన చిన్న గాజు సీసాల్లో పోసి కిటికీ దగ్గర వరసగా పెట్టేవాళ్లం. మొదటి సీసా మంచినీళ్లలా ఉండేది. మూడో వారానికి పల్చటి టీ డికాషన్ రంగు. ఎనిమిదో వారం నుంచి సీసా వెనక వేలు పెడితే కనిపించేది కాదు. మూత తీస్తే ముక్కు మండించే అమోనియా వాసన. సాల్వెంట్ సరఫరా చేసినవాళ్లు అంచనా వేసిన దానికంటే రెండు రెట్లు వేగంగా నల్లబడింది. వాళ్ల అంచనా సిలిండర్ గ్యాసులు కలిపి ల్యాబులో చేసిన పరీక్షల మీద వేసింది. అందులో బూడిద లేదు, నైట్రోజన్ డయాక్సైడ్ లేదు, ఉక్కు గొట్టాల్లోంచి వచ్చే ఇనుమూ లేదు.

ఆ ప్లాంటులోనే ఒక రాత్రి జరిగింది చెప్తాను. అబ్జార్బర్ ప్యాకింగ్ అడుగుకీ పైకీ మధ్య ప్రెజర్ తేడా 20 మిల్లీబార్ దగ్గర నిలకడగా ఉండేది. రెండు గంటల వేళ అది 24 అయింది, కాసేపటికి 31. అడుగున ద్రావణం లెవెల్ తగ్గుతోంది, పంపులు మాత్రం మామూలుగానే తోస్తున్నాయి. అంటే ద్రావణం కిందికి దిగడం లేదు, నురగై ప్యాకింగ్‌లోనే నిలబడిపోయింది. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు నురగ అణిచే యాంటీఫోమ్ మందు వేశారు. నలభై నిమిషాలు బాగానే ఉంది, మళ్లీ మొదలైంది. ఇంకాస్త వేశారు. తెల్లవారేసరికి పైన వాటర్ వాష్‌లోకి (బయటికెళ్లే గ్యాసును నీళ్లతో కడిగే భాగం) అమైన్ పొంగిపోయింది, ప్లాంటు ఆపేయక తప్పలేదు. నేను వెళ్లి శాంపిల్ సీసా పట్టుకుని గట్టిగా ఊపాను. ఆరోగ్యంగా ఉన్న ద్రావణంలో నురగ కొన్ని సెకన్లలో చచ్చిపోతుంది. ఆ రోజు మూడు నిమిషాలకు కూడా పోలేదు. తవ్వితే తేలిందేమిటంటే, రెండు రోజుల కింద కరెంటుతో బూడిదను పట్టే ఈఎస్పీలో ఒక ఫీల్డ్ (ఒక విభాగం) ట్రిప్ అయి బూడిద దాటొచ్చింది. అదే సమయంలో మార్చడం కోసం కార్బన్ ఫిల్టర్‌ను బైపాస్‌లో పెట్టి, మళ్లీ లైన్‌లోకి తేవడం మర్చిపోయారు. సన్నటి బూడిద రేణువులు, చెడిపోయిన అమైన్ ముక్కలు కలిస్తే నురగ గట్టిపడి నిలబడుతుంది. యాంటీఫోమ్ నొప్పి మాత్ర లాంటిది, జబ్బు నయం చేయదు. ఎక్కువ వేస్తే అదే ఫిల్టర్ కార్బన్‌ను పూడ్చేసి మర్నాటి సమస్యవుతుంది.

ఇది చిన్న ప్లాంటు కథ మాత్రమే అనుకోవద్దు. కెనడాలోని సస్కాచెవాన్‌లో బౌండరీ డ్యామ్ మూడో యూనిట్ 2014 అక్టోబర్‌లో మొదలైంది. బొగ్గు ప్లాంటు పొగకు అంత పెద్ద ఎత్తున పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. ఏడాదికి 10 లక్షల టన్నులు పట్టాలని డిజైన్. కెమిస్ట్రీ అనుకున్నట్టే పనిచేసింది. ఇబ్బంది పెట్టింది బూడిద. ఎక్స్ఛేంజర్లు, తుంపరలను ఆపే డిమిస్టర్లు పూడుకుపోయాయి, అమైన్ అనుకున్నదానికంటే వేగంగా చెడింది, దాన్ని శుభ్రం చేసే ఖర్చు పెరిగింది. ఆపకుండా శుభ్రం చేసుకోవడానికి వీలుగా వాల్వులు, స్పేర్ ఎక్స్ఛేంజర్లు తర్వాత పెట్టుకోవాల్సి వచ్చింది. 2023 నాటికి మొత్తం పట్టింది 50 లక్షల టన్నుల చుట్టుపక్కల, అంటే డిజైన్ అంకెకు చాలా దూరం. నేను దాన్ని విఫలమని అనను. వాళ్లు తమ ఇబ్బందులు బయటికి చెప్పారు కాబట్టే తర్వాతివాళ్లు స్పేర్ ఎక్స్ఛేంజర్ సంగతి మొదటి డ్రాయింగ్‌లోనే ఆలోచిస్తున్నారు.

టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గరి పెట్రా నోవా వేరే పాఠం చెబుతుంది. 2017లో నడవడం మొదలైంది, 240 మెగావాట్లకు సరిపడా పొగను తీసుకుని ఏడాదికి 14 లక్షల టన్నులు పట్టేలా కట్టారు, సాల్వెంట్ మిత్సుబిషి వాళ్ల కేఎస్-1. నడిచినన్నాళ్లూ 90 శాతం పైనే పట్టింది. ఆవిరి కోసం బొగ్గు యూనిట్ టర్బైన్‌ను ముట్టుకోకుండా పక్కనే ఒక గ్యాస్ యూనిట్ పెట్టుకున్నారు, దాని పొగలోని సీఓటూని మాత్రం పట్టలేదు. పట్టిన సీఓటూ చమురు బావుల్లోకి వెళ్లేది. 2020 మేలో చమురు ధర పడిపోవడంతో ఆపేశారు, మళ్లీ 2023 సెప్టెంబర్‌లో నడిపారు. అక్కడ ఆగింది ద్రావణం వల్ల కాదు, కొనుగోలు లెక్క తప్పడం వల్ల. అందుకే ఏ ప్రాజెక్టునైనా ‘ఆవిరి ఎక్కడిది, సీఓటూ ఎక్కడికి పోతోంది’ అని రెండూ అడగాలి.

గ్యాస్ టర్బైన్ పొగ గురించి కూడా రెండు మాటలు. అందులో సల్ఫర్, బూడిద దాదాపు ఉండవు, అది పెద్ద ఊరట. కానీ సీఓటూ 4 శాతమే, ఆక్సిజన్ రెట్టింపు. టన్ను సీఓటూకి ఎక్కువ పొగ కడగాలి, ఆక్సీకరణ ఎక్కువ. చేయలేని పనేం కాదు. మసాచుసెట్స్‌లోని బెల్లింగ్‌హామ్‌లో గ్యాస్ ప్లాంటు పొగలోంచి 1991 నుంచి 2005 దాకా రోజుకు 300 టన్నుల పైచిలుకు సీఓటూ ఎంఈఏతోనే తీశారు, అదీ ఆహార అవసరాలకు పనికొచ్చేంత స్వచ్ఛంగా.

చెడిపోయిన అమైన్‌ను ఏం చేస్తారని మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్నే. రీక్లెయిమర్ అనే పాత్రలోకి కొద్దికొద్దిగా ద్రావణం తీసి, కాస్టిక్ వేసి మరిగిస్తే మంచి అమైన్ ఆవిరై వెనక్కి వస్తుంది. అడుగున తారు లాంటి నల్లటి మడ్డి మిగులుతుంది. అది ప్రమాదకర వ్యర్థం, పారబోయడానికి వీల్లేదు. ఎంఈఏ నష్టం టన్ను సీఓటూకి 1.5 కిలోలు అని సాధారణంగా లెక్కలో పెడతారు. మన 400 టన్నుల ప్లాంటు ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 4,800 టన్నుల అమైన్. అంత కొనాలి, అంతకు తగ్గ మడ్డిని వదిలించుకోవాలి. ఖరీదైన కొత్త సాల్వెంటయితే ఈ అంకే మొత్తం లెక్కను తారుమారు చేయగలదు. గిగాజౌళ్లలో మిగిలింది కిలోల్లో పోవచ్చు.

చిమ్నీలోంచి బయటికి పోయే అమైన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే అది చుట్టుపక్కల ఉండే మనుషులకు సంబంధించింది. ఆవిరి రూపంలో పోయేదాన్ని పైనున్న వాటర్ వాష్ ఆపుతుంది. పొగలో సల్ఫర్ ట్రయాక్సైడ్ మంచు తుంపరలా ఉంటే మాత్రం అమైన్ ఆ బిందువుల్లోకి చేరి వాటర్ వాష్‌నీ, మామూలు డిమిస్టర్‌నీ దాటిపోతుంది. సెకండరీ అమైన్లు (నైట్రోజన్‌కు రెండు కార్బన్ గుంపులున్నవి) నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిస్తే నైట్రోసమైన్లు వస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కలిగించేవి. ఎంఈఏ ప్రైమరీ (ఒక్క గుంపే ఉన్నది) కాబట్టి నేరుగా రాకపోయినా, అది చెడినప్పుడు పుట్టే పదార్థాల్లో సెకండరీ అమైన్లుంటాయి. నార్వేలోని మాంగ్‌స్టాడ్‌లో 2012లో తెరిచిన పరీక్షా కేంద్రం ఈ ఉద్గారాల మీద చేసిన కొలతలు చాలావరకు అందరికీ చదవడానికి దొరుకుతాయి. మీ కంపెనీ చిమ్నీ అంకెలు ఇవ్వడానికి ‘వ్యాపార రహస్యం’ అంటే ఒప్పుకోకండి. ఫార్ములా రహస్యం కావచ్చు, గాల్లోకి ఏం పోతోందన్నది రహస్యం కాకూడదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ 2.5ని పక్కన పెట్టి, వాళ్ల సాల్వెంట్ నిజమైన బొగ్గు పొగ మీద ఆగకుండా ఎన్ని గంటలు నడిచిందో అడగండి. నా ఉద్దేశంలో 3,000 గంటల కంటే తక్కువైతే దాని ఆయుష్షు గురించి ఎవరికీ ఏమీ తెలియనట్టే. ఆ గంటల చివర్లో కొలిచిన వేడి ఎంతో చెప్పమనండి, మొదటి వారంలో కొలిచింది కాదు. ద్రావణం చెడేకొద్దీ చిక్కబడి ఎక్స్ఛేంజర్ పనితనం తగ్గుతుంది, ఆవిరి ఖర్చు పెరుగుతుంది. అమైన్ నష్టం కిలోల్లో, ఇనుము పెరిగిన తీరు వారాల వారీగా, రీక్లెయిమర్ మడ్డి ఎంతో కూడా అడగండి. ఎంఈఏతో అదే ప్లాంటులో పోల్చి చూశారా అన్నది కూడా ముఖ్యం. వేరే ప్లాంటు ఎంఈఏ అంకె పక్కన తమ అంకె పెట్టి ‘30 శాతం ఆదా’ అంటే అది పోలిక కాదు.

వాళ్లు జవాబులు తెచ్చేలోపు మీ వైపు పని మీరు మొదలుపెట్టొచ్చు. ఎఫ్‌జీడీ తర్వాత సల్ఫర్ డయాక్సైడ్ రీడింగులు ఒక పూర్తి ఏడాదివి తీయండి. సగటు చూడకండి, ఎన్నిసార్లు ఎంతసేపు పైకి ఎగిరిందో చూడండి. ఈఎస్పీ ట్రిప్పుల లాగ్ తీయండి, లోడ్ తగ్గించి నడిపిన గంటలు లెక్కేయండి. లో ప్రెజర్ టర్బైన్ ముందునుంచి ఎంత ఆవిరి తీయొచ్చో టర్బైన్ తయారుచేసినవాళ్లను రాతపూర్వకంగా అడగండి. పక్కన రెండు టవర్లు, కూలింగ్ నీళ్ల అదనపు లైన్లు పట్టే స్థలం ఉందా అని లేఅవుట్ మీద కొలవండి. ఇవి చేతిలో ఉంటే ఏ సాల్వెంట్ కంపెనీ వచ్చినా మీ పొగకే లెక్క కట్టమని కూర్చోబెట్టగలరు. సల్ఫర్ రీడింగులు తీశాక ఇక్కడ పెట్టండి, కాస్టిక్ వాష్ ఎంత సైజు కావాలో కలిసి లెక్కేద్దాం.